కారం చేతులు

పూజ్యులైన మదర్ గారికి వందనాలు.

వార్షిక సంచికకు మన శిశు కేంద్రం గురించి రాసి, నవ్వుతున్న పిల్లల ఫోటో పంపమన్నారు. ఫోటో పంపలేను.

ఇక్కడ ప్రత్తిపాడు చుట్టూ మిరప కోతలు సాగుతున్నాయి. తల్లులు పొద్దున్నే పిల్లల్ని మాకు అప్పగించి చేలకు వెళతారు. సాయంత్రం వచ్చినా పిల్లల ముఖం ముట్టుకోరు. ఎంత కడుక్కున్నా చేతుల కారం వదలదు, పిల్లల కళ్ళు మండుతాయని భయం. తినిపించేది, ముఖాలు తుడిచేది మేమే. మా సేవ అంటే ఇదేనండీ.

మంగళవారం ఫెబా అనే కూలీ తన ఏడాది బిడ్డను దుప్పటిలో చుట్టి తెచ్చి, మాకిచ్చి వెళ్ళిపోయింది. దుప్పటి విప్పితే ఒళ్ళు కాలిపోతోంది. జ్వరం రాత్రే వచ్చి ఉంటుంది. నుదుటి మీద చెయ్యి వేసి ఉంటే తల్లికి తెలిసేది. ఆటో కోసం చూస్తుండగానే ఫిట్స్ వచ్చి, బిడ్డ నా ఒళ్ళోనే పోయింది.

కబురు విని ఫెబా పరుగెత్తుకొచ్చి గుమ్మంలో ఆగిపోయింది. బిడ్డను అందించబోతే రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"కళ్ళు తెరిచే ఉన్నాయి సిస్టరమ్మా. మీరే మూయండి. నావి కారం చేతులు" అంది.

ఇక మండదమ్మా అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. నేనే మూశాను.

సంచికలో ఇదే వేయండి. లేదంటే మా పేజీ వదిలేయండి.

మీ ప్రార్థనలు కోరుతూ,
మీ సిస్టర్