దొరగారి శనివారం

మంగళవారం, పదకొండో తారీఖు
మధ్యాహ్నం మూడు గంటలు

బుల్లికి,

నాయనమ్మ ఆశీస్సులు. ఇక్కడ మనుషులందరం క్షేమం. నీ వంతెన పని ఎంతవరకు వచ్చిందో, పూట పూటా తింటున్నావో లేదో రాయి. తింటున్నానని మాత్రం రాయకు, ఏం తిన్నావో రాయి.

ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. దొర సంగతి ఎత్తితే చాలు, నువ్వు ఏడుస్తావు, నేను కసురుతాను, మీ నాన్న ఫోను లాక్కుని వాతావరణం గురించి మాట్లాడతాడు. మూడుసార్లు అదే జరిగింది. అందుకని రాస్తున్నాను. కూర్చుని, చివరిదాకా చదువు.

నీ కుక్క దొరకి ఒంట్లో బాగా లేదు. పదమూడేళ్లు నిండాయి, అందులో రెండేళ్లు చక్కెర జబ్బుతో గడిచాయి. ఈ రెండేళ్లూ పొద్దున ఏడింటికీ సాయంత్రం ఏడింటికీ తిండి పెట్టి సూది వేసింది నేనే. ఒక్క పూట తప్పలేదు. ఏ పూట ఎంత మందు, ఎంత తిన్నాడు, ఎన్ని చెంబుల నీళ్లు తాగాడు, అన్నీ పుస్తకంలో ఉన్నాయి. పోయిన నెల రోజుకు మూడు చెంబులు తాగేవాడు, ఇప్పుడు తొమ్మిది. బరువు ఇరవై నాలుగు కిలోల నుంచి పంతొమ్మిదిన్నరకు దిగింది. పెట్టినదంతా తింటాడు, ఒంటికి పట్టదు. వెనక కాళ్లు వణుకుతున్నాయి. కళ్లలో పొర కమ్మేసింది. నిన్న వంటగది తలుపుకు గుద్దుకుని, తలుపే తన మీదికి వచ్చినట్టు దాని వంక చూసి మొరిగాడు. నాకు నవ్వొచ్చింది. తరువాత చాలాసేపు ఏ పనీ తోచలేదు.

పడుకున్నచోటే తడిపేస్తున్నాడు. రోజుకు నాలుగు దుప్పట్లు ఉతుకుతున్నాను. ఉతకడం కష్టమని కాదు చెప్పడం. తడిపాక వాడు లేచి, గోడ పట్టుకుని వెళ్లి, మూలన తల దించుకుని నిలబడతాడు. వాడిని ఎవరూ ఏమీ అనలేదు. అయినా నిలబడతాడు. అది చూడలేకపోతున్నాను.

పశువుల డాక్టరు రెండుసార్లు ఇంటికి వచ్చాడు. చక్కెర నాలుగు వందలు దాటింది. మందు ఎనిమిది గీతల నుంచి పదికి పెంచాడు. చుక్క తేడా లేదు. నా పుస్తకం మొదటి నుంచి చివరిదాకా తిప్పి, ఇంత శుద్ధంగా రాసిన లెక్క మా ఆసుపత్రిలో కూడా ఉండదమ్మా, మీ వైపు లోపం లేదు, వయసు మీదపడి ఒళ్లు మందు మాట వినడం మానేసింది అన్నాడు. వాడి బాధ ఆపాలంటే ఒకటే దారి అన్నాడు. మొదటి సూదికి నిద్రపోతాడట, రెండోదానికి లేవడట. శనివారం పది గంటలకు రమ్మన్నాను.

మీ అమ్మ నాలుగు రోజులుగా నాతో ఒకటే పోరు. అత్తయ్యా, పిల్ల సెలవుకు వచ్చేదాకా ఆగండి, అది చిన్నప్పుడు జేబులో పెట్టుకుని తెచ్చిన కుక్క అంటుంది. అప్పటిదాకా ఐదు వారాలు వాడిని ఆ మూలన తల దించుకుని నిలబెట్టమంటావా అని అడిగాను. ముప్పై ఏళ్లు పరీక్ష పేపర్లు దిద్దారు కదా, మీకు అన్నీ మార్కుల్లాగే కనిపిస్తాయి అని గిన్నె ఠపీమని పెట్టి వెళ్లింది. మీ నాన్న ఇద్దరి మధ్యా నిలబడి, ఇద్దరూ చెప్పింది నిజమే అన్నాడు. మీ నాన్న ఎప్పుడూ అంతే, కర్ర విరగకూడదు, పాము చావకూడదు.

బుల్లీ, నువ్వు వచ్చి చూసుకోవడం నీకు అవసరం. వాడికి కాదు. నీ చూపు కోసం వాడిని ఐదు వారాలు నిలబెట్టలేను. నాకు ఓపిక లేక అంటున్నానని మీ అమ్మ అనుకుంటుంది. ఓపిక లేని మాట నిజమే. కానీ అందుకు కాదు. శుక్రవారంలోగా సరేనని ఒక్క మాట చెప్పు. కోపంతో చెప్పినా చాలు.

నీ నాయనమ్మ

తా.క. సాయంత్రం ఏడున్నర.

ఉత్తరం కవరులో పెట్టాక, శనివారం తరువాత మిగిలే సిరంజిలు ఇంకో కుక్కకైనా పనికొస్తాయని డాక్టరుకు ఇచ్చేద్దామనుకుని, డబ్బా దించి లెక్కపెట్టాను.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇరవై ఆరు రోజులుగా నేనూ ఇన్సులిన్ వేసుకుంటున్నాను. మీ అందరికీ తీపి మానమని పాఠాలు చెప్పిన దాన్ని, నాకే ఆ గతి పట్టిందని చెప్పలేకపోయాను. నా సిరంజిలు ఎవరి కంటా పడకూడదని దొర డబ్బాలోనే పెట్టాను. నావి వంద గీతలవి, నారింజ మూత. వాడివి నలభై గీతలవి, ఎర్ర మూత. నా కళ్లకు రెండూ ఒకటే రంగు. పైన ఉన్నది తీసుకుంటూ పోయాను.

రోజుకొకటి చొప్పున వాడితే, నేను కొన్న వంద సిరంజిల్లో డెబ్బై నాలుగు ఉండాలి. ఇరవై రెండే ఉన్నాయి. వాడివి ఒక్కటీ తగ్గలేదు. అంటే ఇరవై ఆరు రోజులు, రెండు పూటలా, వాడి మందు నా సిరంజితో కొలిచాను. దాంట్లో గీతలు దగ్గర దగ్గరగా ఉంటాయి, ఎనిమిదో గీత దాకా పట్టేది వాడికి కావలసిన దానిలో సగం కూడా కాదు. పుస్తకంలో మాత్రం ఎనిమిది, పది అని ముత్యాల్లా రాశాను. వాడి ఒళ్లు మాట వినకపోవడం కాదు, వాడికి మందే అందలేదు.

డాక్టరుకు ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. శనివారం వద్దన్నాడు. ఎర్ర మూతదానితో మళ్లీ ఎనిమిది దగ్గర మొదలుపెట్టి మూడు వారాలు చూద్దామన్నాడు. పోయిన చూపు రాదు. కాళ్లకు సత్తువ రావచ్చు. మాట ఇవ్వలేను అన్నాడు.

పైన రాసినది చింపలేదు. ఎంత ధీమాగా రాశానో నువ్వూ చూడాలి. సరేనన్న ఆ మాట నాకు పంపకు. మూడు వారాల తరువాత ఏం చెయ్యాలో నువ్వూ మీ అమ్మా కలిసి తేల్చండి.

మీ అమ్మకు వంటగదిలో చెప్పాను. తిడుతుందనుకున్నాను. చేతులు తుడుచుకుని, మూత రంగు రెండుసార్లు చూసుకుని, సూది తనే వేసింది. వేస్తున్నంతసేపూ వాడు తల తెచ్చి నా పాదం మీద పెట్టుకున్నాడు. కాలు తీయలేకపోయాను. అలాగే ఉంచి ఇది రాస్తున్నాను.