పరుపుల గదిలో తొమ్మిదో పాట

ప్రభువు చల్లగా చూడాల్సిన నా చిన్నకూతురికి, మీ నాన్న రాయునది.

ఇక్కడ నేను, మీ అన్న, దూది ఏకే మిషను, అందరం బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, నీ ఆసుపత్రిలో ఆ ఎక్స్‌రే గదీ బాగున్నారని నమ్ముతున్నాను. నీ ఉత్తరం అందింది. మొదటిసారి అక్షరాలు కూడబలుక్కోవడానికే సరిపోయింది. రెండోసారి అర్థమైంది. ఆ తర్వాత కోపం వచ్చింది.

అడిగినవాటికి జవాబు చెప్తాను. మోకాలు వంగుతోంది, లేవమంటేనే బతిమాలించుకుంటోంది. దూది దుమ్ముకి ముక్కుకి గుడ్డ కట్టుకుంటున్నావా అన్నావు. గుర్తున్నప్పుడు కట్టుకుంటున్నాను. నీ గిటారు ఎవరికైనా ఇచ్చేయమన్నావు. ఇవ్వను. ఇల్లు నాది, గోడ నాది, మేకు నాది. గిటారు ఆ మేకుకే ఉంది.

అన్న సంగతీ బ్యాండు సంగతీ రాయొద్దన్నావు. ఒకరు చెప్తే వినే అలవాటు నాకెప్పుడుంది? రాస్తున్నాను, చదువు.

మీ అన్న మళ్ళీ పాడుతున్నాడు. పాత జట్టే, డ్రమ్ములకు మన మెకానిక్కు, బేసు గిటారుకు స్కూలు బస్సు డ్రైవరు. ఈసారి పాటల కంపెనీ లేదు. ఆల్బం వాళ్ళే రికార్డు చేసుకుని, వాళ్ళే నెట్‌లో పెడతారట. యేసు పేరు తగ్గించమనీ, రొద తగ్గించమనీ మధ్యలో చెప్పేవాడు ఎవడూ ఉండడట. ఆ మాట నాకు నచ్చింది.

గది కోసం చాలా తిరిగారు. ఎక్కడ కొట్టినా చప్పుడు గోడకు తగిలి తిరిగొస్తోందట. చివరికి మన షాపు వెనక గదిలోకొచ్చి మీ అన్న చప్పట్లు కొట్టాడు. ఆ చప్పుడు దూదిలోకి పోయి మళ్ళీ బయటికి రాలేదు. "నాన్నా, ఇదే" అన్నాడు. లాడ్జికని కుట్టిన పరుపులన్నీ గోడల పొడుగునా నిలబెట్టాం. నేను మిషను ఆపితే వాళ్ళు మొదలుపెడతారు, వాళ్ళు ఆపితే నేను.

లాడ్జి ఓనరు చూసి పోదామని వచ్చాడు. "పరుపులు తయారైపోయాయి కదా పెద్దాయనా, పంపవేం?" అన్నాడు.

"అవి పనిలో ఉన్నాయి" అన్నాను.

"పరుపులకు పనేంటి?"

"నిలబడటం."

అతను వాటి వంకా నా వంకా చూసి, సోమవారం లారీ పంపుతానని చెప్పి పోయాడు. గడువంటే గడువే, ఒప్పుకున్నాను.

పాస్టరుగారు కూడా వచ్చారు. బయట నిలబడి కాసేపు విని, "దేవుడికి ఇంత గోల అవసరమంటావా?" అన్నారు. "ఆయన చెవులు మీ చెవులకంటే గట్టివి లెండి" అన్నాను. నవ్వారు. లోపలికొచ్చి ఒక పరుపుకి ఆనుకుని కూర్చున్నారు, రెండు పాటలయ్యేదాకా లేవలేదు.

ఎనిమిది పాటలు అయిపోయాయి. తొమ్మిదోది నీది. అమ్మ పోయాక వంటగది గుమ్మంలో కూర్చుని కట్టావే, అది. కంపెనీవాడు దాన్ని కోసి, ప్రార్థన చరణం పీకేసి, నీ గిటారు ఉన్నచోట గంతులేసే వాయిద్యం అతికించాడు. మీ అన్నకు ముందే తెలుసు, నీతో చెప్పలేదు. ఆరేళ్ళ కిందట నువ్వు గిటారు పట్టీ కత్తెరతో కత్తిరించి వెళ్ళిపోయావు. నీ కోపం తప్పని అప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను.

ఇప్పుడు నువ్వు కట్టినట్టే పాడుతున్నాడు, ఒక్క మాట వదలకుండా. ప్రార్థన చరణం అయ్యాక నీ గిటారు రావాలి కదా. అక్కడ ముగ్గురూ ఆగిపోతారు. మెకానిక్కు పుల్లలు గాల్లో పెట్టుకుని ఉంటాడు, డ్రైవరు పెదాలతో లెక్కపెడుతుంటాడు. నువ్వు వాయించేంతసేపూ ఆగి, మళ్ళీ అందుకుంటారు. ఊపిరి బిగబట్టండి అని రోగులకు చెప్తావు చూడు, అప్పుడు గది అలా ఉంటుంది.

మొదటిసారి నాకు తెలియలేదు. పాట అయిపోయిందనుకుని పరుపుల వెనకనుంచి గట్టిగా "ఆమెన్" అన్నాను.

"ఇంకా అవలేదు నాన్నా" అన్నాడు మీ అన్న.

"బాబాయ్, మీ ఆమెన్ కూడా రికార్డయింది. ఉంచమంటారా?" అన్నాడు డ్రైవరు.

"చెరిపెయ్. కాని చోట పడింది" అన్నాను.

ఇంకో గిటారు మనిషిని పిలుద్దామని మెకానిక్కు ఒకసారి అన్నాడు. "అది చెల్లి చోటు. తను రాకపోతే ఖాళీగానే బయటికెళ్తుంది" అన్నాడు మీ అన్న. ఆ తర్వాత ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఇందాకటినుంచీ దీని చుట్టూనే తిరుగుతున్నాను. నీ ఉత్తరం వచ్చినప్పుడు ముగ్గురూ ఇక్కడే ఉన్నారు. మీ అన్న నా మొహం చూడకుండా, వైరు చుట్టుకుంటూ, "ఏం రాసింది?" అన్నాడు. "శనివారం వస్తానంది" అన్నాను.

నోరు జారలేదు. తెలిసే అన్నాను. వాడు చీపురు తీసుకుని, నువ్వు కూర్చునే మూల దూది పోగులు ఒక్కటి లేకుండా ఊడ్చాడు. అప్పటినుంచి గొంతు పాడవుతుందని చల్లనీళ్ళు ముట్టడం లేదు. మెకానిక్కు శనివారం షెడ్డు మూసేస్తానని బోర్డు కూడా రాసిపెట్టాడు. నిజం చెప్పేయడానికి నాకు రోజూ వీలు దొరుకుతూనే ఉంది. చెప్పలేదు, చెప్పను. అబద్ధాన్ని నిజం చేయడం నీ చేతిలో ఉంది. నన్ను తిట్టాలనుకుంటే వచ్చి తిట్టు.

అన్నను క్షమించమని అడగను. అది మీ ఇద్దరి మధ్య సంగతి, నేను వేలు పెట్టను. వాడితో మాట్లాడకపోయినా ఫరవాలేదు, వాయించడానికి మాటలక్కర్లేదు. వాయించి అదే సాయంత్రం బస్సెక్కు, ఉండమని బతిమాలను. సోమవారం లారీ వస్తే గోడలు పోతాయి, ఆ గది మళ్ళీ ఉత్త గదే.

పరుపు గుడ్డతో నీ గిటారుకు పట్టీ కుట్టాను. నాలుగు మడతలేసి, పరుపు సూదితో. ఈసారి కత్తెరకు లొంగదు.

శనివారం నేను పరుపుల వెనకే కూర్చుంటాను. నీ చోటు వచ్చినప్పుడు నోరు మూసుకుని ఉంటాను. నువ్వు వాయించాకే ఆమెన్ అంటాను, అంతవరకూ అనను.

ఇట్లు,
పొద్దున మొదటి బస్సు వేళకే బస్టాండులో నిలబడి ఉండే
మీ నాన్న