చెరో ఎద్దు

12-6-2007, మంగళవారం

ఖమ్మంలో డిగ్రీ చదివే మనవరాలు సుజాత సెలవులకొచ్చి పాఠం పైకి చదివింది. కణంలో సెంట్రియోల్ అనే సన్నని గొట్టాలు జంటగా ఉంటాయట. కణం రెండుగా చీలేటప్పుడు చెరోవైపుకు ఒక్కో జంట పోతుందట. ఆ పని ముగిసేదాకా ప్రోటీన్లు జంటను విడిపోనివ్వవట.

"ముందే విడిపోతే ఏమైతదే?" అన్నాను.

"తలోదిక్కు గుంజి కణమే ఖరాబైతది తాతా. నువ్వేమో పంపకాలల్ల ఎడ్లను చెరొకటి ఇస్తివి!"

"నోర్మూసుకొని చదువు" అన్నాను.

ఒక కొడుకు వైపు మొగ్గానని ఎవరూ అనకూడదని అలా పంచాను. ఆరేళ్లు ఒకే కాడి కింద, ఒకటి ఎడమన దాపట, ఒకటి కుడిన వలపట నడిచిన ఎడ్లు అవి. పెద్దోడి ఎద్దు కొత్త జోడుతో కలవలేదు. చిన్నోడిది కాడి వేస్తే కూలబడుతోంది. దున్నని ఎద్దును సంతలో కసాయివాళ్లు కోతకే కొంటారు. తప్పు నాదని కొడుకులకు చెప్పి, జంటను కలపమంటే రెండూ మళ్లీ ఒక కొట్టంలో ఉంటాయి. ఆ మాటకు నాకు నోరు రాదు.

సాయంత్రం చిన్నోడు వచ్చాడు.

"నాయినా, రేపు ఎద్దును సంతకు తోలుకపోతున్న. ఏమన్న అంటవా?"

"నన్నెందుకు అడుగుతవ్? ఎద్దు నీది" అన్నాను.

వాడు వెళ్లిపోయాడు.