స్టెరిలైజర్ ఫెయిలైందని తెలిశాక

మంగళవారం రాత్రి, చాండ్లర్

ఒళ్ళు మండిపోతోంది. లలిత ఆంటీ పన్ను తీయడానికి మత్తు ఇంజెక్షన్ ఇచ్చాక, అసిస్టెంట్ మారియా వచ్చి నా చెవిలో చెప్పింది. స్టెరిలైజర్ టెస్ట్ ఫెయిలైందట, అందులో క్రిములు చావడం లేదట. క్లినిక్ ఓనర్ డాక్టర్ ప్రసాద్‌కి ఆ సంగతి నిన్ననే తెలుసట!

పరికరాలు పక్కన పెట్టేశాను.

"ఆంటీ, ఇవి శుభ్రంగా లేవు. ఈరోజు పన్ను తీయను."

"సగం మొహం మొద్దుబారిపోయాక చెప్తావేంటమ్మా?" అంది.

బయటికొచ్చి ప్రసాద్‌ని నిలదీశాను.

"రిపేర్‌కి రేపొస్తారు. అందాకా పేషంట్లని ఆపేస్తే ఎలా?" అన్నాడు.

"అయితే మీరే కూర్చోండి. వీటితోనే మీ పళ్ళు క్లీన్ చేస్తాను."

ఆయన మొహం మాడిపోయింది. "నీ హెచ్ వన్ వీసా ఎక్స్‌టెన్షన్‌కి సైన్ చేయాల్సింది నేనే, గుర్తుంచుకో."

ఎందుకు గుర్తుండదు? ఇంటికొచ్చినప్పటి నుంచీ అదే బుర్ర తినేస్తోంది. కానీ పొద్దున ఇలాంటి పరికరాలతోనే నా దగ్గర పళ్ళు క్లీన్ చేయించుకున్న ఒక గర్భిణికి ఇంకా ఎవరూ ఏమీ చెప్పలేదు. ఎవరూ చెప్పకూడదని ఆయన ఆర్డర్. రేపు పొద్దున్నే నేనే ఫోన్ చేస్తాను. ఆవిడ ముందు అడిగేది బిడ్డ గురించే. ఏదీ దాచకుండా చెప్పేసి, వెంటనే రక్తపరీక్ష చేయించుకోమంటాను.