మెస్ లైన్లో చేసిన సర్వే

హన్మకొండ హాస్టల్

అమ్మా, ప్రభువు దయవల్ల ఒళ్లు బాగానే ఉంది, నా బుద్ధే బాగాలేదు. స్టాటిస్టిక్స్ ప్రాజెక్టుకని మెస్ లైన్లో నిలబడ్డ వందమందిని తిండి ఎలా ఉందని అడిగాను. తొంభైమంది బాగుందన్నారు. వార్డెన్ మేడమ్ ఆ కాగితం గోడకు అంటించి, వంటమనిషిని మార్చేది లేదంది. గేటు బయట మిర్చిబజ్జీ తింటున్న మా రూమ్మేట్ దివ్య నన్ను పట్టుకుంది. "నచ్చనోళ్లమంత ఈడున్నం గదనే! మమ్ముల్నడిగినవా?" మూడు నెలలుగా సార్ మొత్తుకుంటున్న శాంపిల్ పాఠం అప్పటికి గానీ నా తలకెక్కలేదు.

ఆవకాయ పంపు. చెల్లిని నా స్వెట్టర్ ముట్టవద్దను. డాడీ ప్రతి ఆదివారం వాక్యం చెప్పాక, బాగుందా అని చర్చిలో కూర్చున్నవాళ్లనే అడుగుతాడు. ఈసారి, రావడం మానేసిన ఏసమ్మత్త ఇంటికి వెళ్లి అడగమను. ఆమెకు నా వందనాలు.

కీర్తన