మొదటి నంబరు

తమ్ముడూ, రాగానే ముందు కాసిని నీళ్లు తాగు. ఫోన్లో అంతలా ఏడ్చావు, దారిలో ఏమీ తాగి ఉండవు. అమ్మని ఇంటికి తెచ్చుకోడానికి నేనూ బాబాయీ ఆసుపత్రికి వెళ్తున్నాం. ముందుగదిలో మంచం జరిపి చోటు చెయ్యి.

కుర్చీ మీదున్న ఇస్త్రీ చీర కదపకు. ఇవాళ డాక్టరు దగ్గరికి కట్టుకుందామని తీసిపెట్టుకుంది. అదే కడదాం.

నిన్న ఛాతీలో నొప్పంటే ఇప్పుడే వెళ్దాం పదమన్నాను. "ఆదివారం పూట రెండింతలు గుంజుతాడే! రేపటికి మొదటి నంబరు రాయించాగా" అని నన్నే కసిరింది. అంత మొండిది, రాత్రి ఆసుపత్రికి చేర్చినా తెల్లారేదాకా ఆగలేకపోయింది.

అక్క

మర్చిపోయాను. మొదటి నంబరు వాళ్లు ఇంకా రాలేదేమని క్లినిక్ నుంచి ఫోనొస్తుంది. కాంపౌండరు మీద అరవకు. అమ్మ నంబరు వెనకవాళ్లకి ఇచ్చెయ్యమను.