సమాధి ముందు నా ఫోటో

పాత మెర్వ్, గురువారం

అమ్మా, జ్వరం తగ్గింది. "ఉత్తరం ఎవడైనా రాస్తాడు, ముఖం చూస్తేగాని నువ్వు బతికున్నావని నమ్మను" అని రాయించావు. అందుకే నా ఫోటో వెనకే రాస్తున్నాను.

సుల్తాను సమాధి ఎంత ఎత్తో తెలియాలని నేను పనిచేసే ఫోటో దొర నన్ను దాని ముందు నిలబెట్టాడు. "ముప్పై లెక్కపెట్టేదాకా కదలకు, కదిలితే బొమ్మ చెదిరిపోతుంది!" అన్నాడు. సమాధి ముందు ఊరికే ఎలా నిలబడను? పోయినవాళ్ల కోసం చేసే ప్రార్థన, దువా, మనసులోనే చదివాను. చివర చేతులు వాటంతటవే లేచి ముఖం తుడిచాయి.

"అయ్యో ఎర్గాష్, ఎనిమిది వందల ఏళ్ల గోడ కదల్లేదు, నువ్వు కదిలావు!" అని దొర నవ్వాడు. ఫోటోలో నా ముఖం ఉండాల్సిన చోట పల్చని మంచు, అందులోంచి ఇటుకలు కలలోలా కనిపిస్తున్నాయి.

ఇంటి కప్పుకు మట్టి మెత్తించావా? ఎండు ఖుబానీ పళ్లు పంపు. ఓయ్షా చెల్లికి ఆశీస్సులు.

ముఖం లేదని ఏడవకు. దువా అయ్యాక ముఖం తుడుచుకోవాలని నేర్పింది నువ్వే. ఆ మంచు నీ కొడుకే.

ఎర్గాష్